అద్దెయింటి తాళపుచెవి

2025 జూలై మాసమున గుజరాతు తీరమందలి వాడినారు చమురుశుద్ధి కర్మాగారమునకు వచ్చిన చిక్కును మన పాఠకులలో ననేకులు చదివి మరచియుందురు. ఏటికి 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధిచేయు నయారా ఎనర్జీ కంపెనీది ఆ కర్మాగారము. ఆ కంపెనీలో సగమునకు కొంచెము తక్కువ వాటా రష్యాదేశపు రాస్‌నెఫ్టు సంస్థకు గలదు. జూలై 18వ తేదీన ఐరోపా సమాఖ్యవారు రష్యాపై విధించిన ఆంక్షలలో ఈ కంపెనీ పేరును గూడ చేర్చిరి. కొలదిదినములలోనే మైక్రోసాఫ్టువారు ఆ కంపెనీ యుద్యోగుల ఉత్తరప్రత్యుత్తరములను, వారి సొంత దస్తరములను తెరచు దారిని మూసివేసిరి. భారతప్రభుత్వము ఆజ్ఞ యీయలేదు. భారతన్యాయస్థానము తీర్పు చెప్పలేదు. అవి ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షలును గావు. ఉత్తరువు బ్రస్సెల్సుది, అమలుపరచినది అమెరికా కంపెనీ, మూతపడినది మన దేశములోని కచేరీ. బాధితులు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మట ఆ మాసము ముగియకముందే సేవలు మరల తెరువబడినవి. కర్మాగారము నిలిచిపోలేదు. అందుచే కథ అంతటితో ముగిసినదని లోకము తలచినది. ముగియలేదని మా యభిప్రాయము.

ఆనాడు మూతపడినవి ఉత్తరములు, దస్తరములు మాత్రమే. మన సర్కారు కచేరీలు, బ్యాంకులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు నేడు తమ నిత్యకృత్యములనే కంప్యూటరు ప్రోగ్రాములుగా మార్చి, వానిని పరుల యంత్రశాలలలో నెలకొల్పుచున్నవి. దీనికి క్లౌడు అని పేరు. మన కేంద్రప్రభుత్వమువారును తమ పథకమునకు మేఘరాజ్ అని నామకరణము చేసిరి. పేరు విన్నవారికి ఆకాశమున తేలియాడు వస్తువేమోయని తోచుట సహజము. నిజమునకు ఈ మేఘమునందు మేఘ మేమియు లేదు. విద్యుత్తును త్రాగి వేడిని గ్రక్కు వేలకొలది యంత్రములు వరుసలు తీర్చియుండు గొప్ప గోదాము అది. దానిలో కావలసినంత భాగమును, కావలసినంత కాలము, గంటలెక్కన అద్దెకు తీసికొందురు. అమెజాను కంపెనీవారు 2006లో ఈ వ్యాపారమునకు శ్రీకారము చుట్టిరి, తక్కినవారు వెంటనడచిరి. భూస్వామి పరదేశి, కౌలుదారు మనము. ఈ కౌలు షరతు లెట్టివో చదివినవారు మనలో బహుస్వల్పము.

ప్రోగ్రాములను ఇట్లు నెలకొల్పు విధానమును కొంత వివరింపవలసియున్నది. ఏలన, అది తెలిసినగాని అపాయ మెచ్చట దాగియున్నదో తెలియదు. పూర్వము ఒక కచేరీకి వలయు ప్రోగ్రామంతయు ఒకే ముద్దగా నుండెడిది. ఒక మూల మరమ్మతు చేయవలెనన్న లోగిలియంతయు ఖాళీచేయవలసి వచ్చెడిది. నేడట్లుగాదు. వృద్ధులకు పింఛను పంచు ప్రోగ్రామును ఉదాహరణముగా తీసికొందము. వచ్చినవారెవరో గుర్తించు భాగ మొకటి. అర్హుల పట్టీని చూచు భాగ మొకటి. సొమ్ము చెల్లింపుమని బ్యాంకునకు వ్రాయు భాగ మింకొకటి. ఫోనునకు సందేశము పంపునది, పత్రముల నకళ్ళు దాచునది, నెలసరి లెక్క తేల్చునది. ఇట్లు ఆరు చిన్న ప్రోగ్రాములు. వీనిని సర్వీసు లందురు. కుమ్మరి, సాలె, వడ్రంగి ఎవరి యింట వారుండి ఒక యూరిని నడపినట్లు ఈ సర్వీసులు దేనిచోట అదియుండి ఒక పనిని సాగించును. ఒకదానితో మరియొకటి మాటలాడుటకు ముందుగా నేర్పరచుకొనిన ప్రశ్నోత్తరముల పద్ధతి తప్ప వానికి వేరు సంబంధము లేదు. ఒకదానిని మార్చినను తక్కిన అయిదును నిశ్చింతగా తమ పని తాము చేసికొనును.

ప్రతి సర్వీసును దానికి వలయు సరంజామాతో గూడ ఒక పెట్టెలో పెట్టి మూతవేయుదురు. విశాఖపట్టణపు రేవున ఓడలనుండి దింపు ఇనుప కంటెయినర్లను చూచినవారికి ఈ పోలిక సులభముగా బోధపడును. లోపల బియ్యమున్నను యంత్రభాగములున్నను క్రేనునకు పనిలేదు. పెట్టె కొలత యొక్కటైన చాలును. 2013లో డాకర్ అను సాధనము వెలువడినప్పటినుండి ప్రోగ్రాములకును ఇట్టి పెట్టెలు వాడుకలోనికి వచ్చినవి. వీనికిని కంటెయినరులనియే పేరు. మరుసటి సంవత్సరమున గూగులువారు కూబర్నెటీస్ అను నిర్వాహకప్రోగ్రామును ఎవరైనను వాడుకొనునట్లు బహిరంగపరచిరి. అది గ్రీకుపదము; చుక్కాని పట్టువాడని యర్థము. పట్టీ చూచు సర్వీసునకు నాలుగు ప్రతులు నిలుపుము, ఒకటి పడిపోయినచో వెంటనే వేరొకటి లేపుము, ఒకటవ తేదీన రద్దీ హెచ్చినచో నాలుగింటిని ఇరువది చేయుము అని ఇంజనీరు వ్రాసియిచ్చిన చాలును. ఆ వ్రాతకును వాస్తవమునకును భేదము రాకుండ రాత్రింబవళ్ళు మేలుకొని కావలికాయుట ఈ చుక్కానివాని పని. ఇంజనీరు యంత్రముఖమైన చూడనక్కరలేదు.

ఇందలి లాభములను మేము తక్కువచేసి చెప్పబోము. పదవతరగతి పరీక్షాఫలితములు వెలువడు దినమున లక్షలాది తల్లిదండ్రులు ఒక్క గంటలో ఒక్క వాకిటికే వచ్చిపడుదురు. వారము గడచినపిమ్మట ఆ వాకిట కాకియైన వ్రాలదు. ఆ ఒక్క గంటకొరకు యంత్రములను కొని ఏడాదిపొడుగున దుమ్ముపట్టించుట ప్రజాధనమును తగులబెట్టుటయే. పెండ్లికి పందిరి సామాను అద్దెకు తెత్తుముగాని కొని యటుకెక్కించుకొనము గదా. అద్దె యన్నమాట వినగానే మండిపడు స్వదేశీవాదము మాకు రుచింపదు. విదేశీవస్త్రములను వీధిలో గుట్టపోసి దహించుట 1921లో ధర్మమైయుండవచ్చును. నేటి సర్వరు యంత్రములలోని ముఖ్యమైన చిప్పులు పరదేశములనుండియే వచ్చుచుండగా వానిని దహించినచో మనకు మిగులునది బూడిదయే. మా యాక్షేపణ అద్దెకొంపమీద కాదు; ఖాళీచేసి పోవుటకు వీలులేని అద్దెకొంపమీద.

పెట్టెలు మనవై, చుక్కానివాడు అన్ని రేవులకును తెలిసినవాడై యున్నచో ఒక రేవునుండి మరియొక రేవునకు సాగిపోవుట పెద్దకష్టము కాదు. ఆచరణమున జరుగునది వేరు. అద్దెకిచ్చువాడు ఉత్తయంత్రము నిచ్చి యూరకుండడు. డేటాబేసును నీవేల నిలుపుకొనవలెను, మాది వాడుకొని రాత్రి హాయిగా నిద్రపొమ్మనును. అమెజానువారి డైనమోడీబీ అట్టిది. సందేశములను వరుసగా నిలుపుటకు మా ఎస్‌క్యూఎస్ గలదనును. చిల్లరపనులకు మా ల్యాంబ్డా గలదనును. ఎవరికి ఏ గదిలో ప్రవేశమున్నదో చూచుటకు మా ఐఏఎం గలదనును. ఒక్కొక్కటియు సుఖమైనదే. ఒక్కొక్కటియు ఆరంభమున చౌకగానే కనబడును. నాలుగేండ్లు గడచుసరికి పింఛను ప్రోగ్రాములో మనము వ్రాసినది గోడలపై సున్నము, పునాదియంతయు వారిది అగును. అప్పుడు బయలుదేరుట యనగా సామాను బండికెత్తుట కాదు, ఇల్లు కూల్చి వేరొకచోట మరల కట్టుట. గూగులునకును మైక్రోసాఫ్టునకును ఇట్టి తమతమ సరకులు గలవు. ఒక్క యమెజానును నిందించుట న్యాయము కాదు.

ఈ కిటుకు మన జాతికి క్రొత్తది కాదు. 1906లో చిదంబరం పిళ్ళెగారు తూత్తుకుడియందు స్వదేశీ స్టీమరు కంపెనీని స్థాపించి కొలంబోకు ఓడలు నడుపగా, పోటీగానున్న బ్రిటిషు ఇండియా కంపెనీవారు తమ చార్జీలను తగ్గించిరి. తుదకు ఊరకయే యెక్కించుకొని పైగా ఒక గొడుగు నిత్తుమనిరి. స్వదేశీ కంపెనీ కొలదియేండ్లలో మూతపడినది. అటుపిమ్మట గొడుగుల ప్రసక్తి లేదు. నేడు హైదరాబాదునందో బెంగుళూరునందో క్రొత్తగా కంపెనీ పెట్టిన యువకులకు అమెజానువారు లక్షడాలర్ల వరకు క్రెడిట్ల నిచ్చుచున్నారు. ఆ మేరకు అద్దె చెల్లింపనక్కరలేదు. తక్కిన కంపెనీలును ఇట్టి కానుకలనే యిచ్చుచున్నవి. అది గొడుగని ఆ యువకులకు చెప్పువా రుండవలయును. పుచ్చుకొనవద్దని మేమనము. వాన వెలిసినపిమ్మట తమ కాళ్ళపై నడచిపోగల దారిని ముందుగా చూచుకొనుమని మాత్రమే యనుచున్నాము.

దీనికి తోడు నిష్క్రమణ సుంక మొకటి. లోపలికి సమాచారము పంపునప్పుడు కంపెనీలు సాధారణముగా సుంకమడుగవు. బయటికి తీసికొనిపోవునప్పుడు గీగాబైటునకింత యని వసూలుచేయును. కోటగుమ్మము లోపలికి విశాలము, బయటికి ఇరుకు. ఐరోపావారు దీనిని సహింపక చట్టము చేసిరి. వారి డేటా చట్టము 2025 సెప్టెంబరు 12వ తేదీనుండి వర్తించినది. దాని ప్రకారము ఒక క్లౌడునుండి వేరొకదానికి మారువారిపై విధించు సుంకము 2027 జనవరి 12వ తేదీనుండి నిషిద్ధము. ఆ చట్టపు నీడ కనబడగానే, 2024లోనే, మూడు పెద్దకంపెనీలును పూర్తిగా విడిచిపోవువారికి ఈ సుంకమును మాన్పితిమని ప్రకటించుకొనినవి. చట్టమునకు జంకు గలదన్నమాట. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ విషయమున నోరు మెదపదు. పార్లమెంటులో మన సభ్యులెవరైన దీనిని గూర్చి యడిగినచో వారికి ముందుగా మా వందనము లర్పింతుము.

కొందరు పెద్దలు "భయమేల? యంత్రశాలలు మన గడ్డమీదనే వెలయుచున్నవిగదా" యందురు. నిజమే. అమెజానువారు 2016లో ముంబయియందును, 2022లో హైదరాబాదునందును తమ యంత్రశాలాసముదాయములను తెరచిరి. గూగులువారు 2025 అక్టోబరు 14వ తేదీన విశాఖపట్టణమునందు అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టెదమని ప్రకటించిరి. చెల్లింపుల సమాచారమంతయు దేశములోపలనే యుండవలెనని రిజర్వుబ్యాంకువారు 2018లో శాసించిరి, అది మంచిశాసనము. కాని నేల మనదైనంతమాత్రమున ఏలుబడి మనదగునా? మద్రాసునందలి సెయింటు జార్జి కోటయు మన నేలమీదనే యుండెను. అదే 2018 మార్చి మాసమున అమెరికా శాసనసభ క్లౌడ్ యాక్టు అను చట్టము చేసినది. అమెరికా న్యాయాధికారమునకు లోబడిన కంపెనీ, తన యధీనమునందున్న సమాచారము ఏ దేశమందున్నను, అక్కడి న్యాయవిధి ననుసరించి అడిగినచో నొప్పగింపవలెనని దాని తాత్పర్యము. 2025 జూన్ మాసమున ఫ్రాన్సుదేశపు సెనేటు విచారణసంఘము ముందు మైక్రోసాఫ్టువారి ఫ్రెంచి శాఖాధికారి ప్రమాణముచేసి కూర్చుండగా, ఫ్రెంచి ప్రభుత్వానుమతి లేకుండ ఆ దేశీయుల సమాచారము అమెరికా ప్రభుత్వమునకు చేరదని హామీ యీయగలరా యని ప్రశ్నించిరి. ఈయజాలనని ఆయన యొప్పుకొనెను. ఫ్రాన్సునకు లేని హామీ మనకెట్లు వచ్చును?

ఇంతకన్న సూక్ష్మమైన విషయ మింకొకటి గలదు. ఎవరికి ఏ యధికారమున్నదో నిర్ణయించు ఐఏఎం సర్వీసును పైన పేర్కొంటిమి. ఆ నిర్ణయములను నిమిషనిమిషము అమలుజరుపు ప్రతులు హైదరాబాదునందును ముంబయియందును గలవు. కాని క్రొత్త యధికారమును సృష్టించుటకుగాని, ఉన్నదానిని మార్చుటకుగాని పోవలసిన కేంద్రము ఉత్తర వర్జీనియాలో నున్నదని అమెజానువారి పత్రములే తెలుపుచున్నవి. ఢిల్లీలో వైస్రాయి, లండనులో సెక్రటరీ ఆఫ్ స్టేటు అను పాతయేర్పాటు ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 20వ తేదీన, మన దీపావళినాడు, ఆ వర్జీనియా యంత్రశాలలందు డైనమోడీబీ చిరునామాను వ్రాయు రెండు స్వయంచాలక ప్రోగ్రాములు ఒకదాని కొకటి అడ్డుపడగా ఆ చిరునామా ఉండవలసినచోట ఏమియు లేకపోయెను. ఆ డేటాబేసుపై నాధారపడిన సర్వీసులు పడిపోయినవి. వానిపై నాధారపడినవి వాని వెంట పడిపోయినవి. సర్దుకొనుటకు పదునాలుగు గంటలు దాటినది. ఇంగ్లండులో బ్యాంకు ఖాతాలు తెరచుకొనలేదు. వర్జీనియాయెడ నేమాత్రము ప్రమేయములేని దేశములందును ఐఏఎం మార్పులకు ఇబ్బంది కలుగవచ్చునని ఆనాడు కంపెనీవారే ప్రకటించిరి. ఒక కాగితముపై ఒక పంక్తి ఖాళీయగుటచే ఖండాంతరములు చీకటిపడినవి.

మైక్రోసాఫ్టు సంస్థ క్లౌడు విభాగమును పెంచి, 2014నుండి ఆ సంస్థకే అధిపతియైన సత్య నాదెళ్ళగారు హైదరాబాదున జన్మించినవారు. ఈ యంత్రశాలలను నడపు ప్రోగ్రాములను వ్రాయువారిలో సియాటిల్‌నందును హైదరాబాదునందును తెలుగుపిల్లలు లెక్కకు మిక్కిలిగా నున్నారు. కావున మనకు తెలివి లేదనుట పొల్లుమాట. తెలివి యమ్ముకొనుట నేర్చితిమి, నిలుపుకొనుట నేర్వలేదు.

అట్లని స్వదేశీయమను ముద్రపడిన మాత్రమున దేవతావస్త్రమైపోదు. యూపీఐ మనది, దానిని నడపు సంస్థ మనది, 2025 ఆగస్టులో ఒక్క మాసమునందే 2,000 కోట్లకుమించిన చెల్లింపులు దానిద్వారా జరిగినవి. ప్రపంచమునం దిట్టిది మరియొకటి లేదని గర్వించుట తగును. ఐనను అదే సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన అది కొన్నిగంటలపాటు కుంటుపడెను. కారణ మేమి? పంపిన సొమ్ము చేరినదా లేదాయని విచారించు చిన్న సర్వీసు నొకదానిని కొన్ని బ్యాంకుల ప్రోగ్రాములు విడువక, పాతచెల్లింపులను గూర్చి సైతము, మరల మరల ప్రశ్నించినవి. ప్రశ్నల యుప్పెనలో జవాబు చెప్పువాడు మునిగిపోయెను. జవాబు రానిచో కొంతసేపాగి అడుగవలెను, అప్పటికిని రానిచో ఇంకను ఎక్కువసేపాగవలెను, ఎదుటివాడు సొమ్మసిల్లినచో అడుగుటే మానవలెను. సర్వీసులను వ్రాయువారు మొదటిదినమున నేర్వవలసిన మర్యాద ఇది. కిటికీవద్ద గుమాస్తా తలయెత్తలేదని నూర్గురు ఒక్కసారిగా తలుపు బాదినచో గుమాస్తాయు దక్కడు, తలుపును దక్కదు.

ముక్కలుచేయుటయందలి వెర్రిని గూర్చియు ఒక్కమాట. సర్వీసులుగా విభజించుట నాగరికలక్షణమని తలచి, పదిమంది పనిచేయు కచేరీకి నలుబది సర్వీసులు వ్రాయించు కంట్రాక్టర్లున్నారు. విభజన పెరిగినకొలది అద్దెయు పెరుగును, దారులు పెరుగును, దారి తెగు చోట్లును పెరుగును. 2023లో అమెజానువారి ప్రైమ్ వీడియో శాఖయే తన ప్రసారముల నాణ్యతను పరీక్షించు ప్రోగ్రామును ముక్కలనుండి మరల ఒకే ముద్దగా కూర్చి, ఖర్చు నూటికి తొంబదిపాళ్ళు తగ్గినదని ప్రకటించుకొనెను. ఇల్లిచ్చువాని బిడ్డయే అద్దెకు జడిసి గదులు తగ్గించుకొనినప్పుడు మనకేల ఈ వైభవము!

ఇక చేయవలసిన దేమి? ప్రజలకు నిత్యావసరమైన ప్రోగ్రాములు కొన్ని గలవు: పింఛను, చౌకబియ్యము, భూమిపట్టాలు, ఖజానా, ఆసుపత్రి. వీనికిని పరీక్షాఫలితములకును భేదము పాటింపవలయును. ఫలితములను ఎవరి యంత్రశాలలో నుంచినను మించిపోయినదేమియు లేదు. మొదటి తరగతివానిని మాత్రము మారక యుండజాలని పునాదిపై కట్టరాదు. పెట్టెలు అందరికి తెలిసిన కొలతలో నుండవలయును. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ వంటి బహిరంగమైనదై, ఏ యంత్రశాలయందైనను నిలుపుకొనదగినదై యుండవలయును. పెట్టెల నకలొకటి, వానిని నిలుపు వ్రాతల నకలొకటి, దినదినము సమాచారపు నకలొకటి నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరువారి సొంత యంత్రశాలలయందు నిలువయుండవలయును. ఆ సంస్థకు ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వరములందు అట్టివి గలవు. సమాచారమును గూఢలిపిలోనికి మార్చు తాళపుచెవి ఇల్లిచ్చినవాని గూటిలో వ్రేలాడరాదు. మన కచేరీయొక్క ఉక్కుపెట్టెలో నుండవలయును. సరియైన చెవి లేనిదే ఇల్లుగలవాడును లోనున్న కాగితమును చదువజాలడు. అంతటి మేలైన విద్య నేడు చౌకగా దొరకుచున్నది.

అన్నింటికన్న ముఖ్యమైనది సాధన. నిష్క్రమణమును గూర్చిన షరతులు కంట్రాక్టు కాగితములలో లేకపోలేదు. కాగితముపై ఈత నేర్చినవాడు కృష్ణలో దిగినప్పుడు తెలియును. ఏటికొక దినము, ముందుగా ప్రకటించి, ఆ ప్రోగ్రామును అద్దెయంత్రశాలనుండి తీసి వేరొకచోట నడిపి చూపవలయును. తొలియేడు పదిలోపములు బయటపడును; పడనిండు. మూడవయేటికి కచేరీయందలి ఇంజనీర్లకు ఆ దారి కంఠస్థమగును. దీనికి వ్యయము పెరుగునని యార్థికశాఖ యాక్షేపించును. పెరుగును, కాదనము. రెండవ యంత్రశాలలో కొంత భాగమును నిత్యము పట్టియుంచవలెను, పనితెలిసిన యింజనీర్లను ఉపకంట్రాక్టరుకు వదలక సర్కారే జీతమిచ్చి నిలుపుకొనవలెను. పింఛను ఒకటవ తేదీన అందని ముదుసలి ఆ నష్టమును ఏ పద్దులోను వ్రాసికొనజాలదు గనుక ఆర్థికశాఖవారి లెక్కకు అది యెన్నడును రాదు.

1921లో చీరాల, పేరాల ప్రజలు మ్యునిసిపాలిటీ నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరిబయట రామనగరమని పాకలు కట్టుకొని పదునొకండు మాసములు కాపురముండిరి. ప్రభుత్వమును కలవరపెట్టినది వారి యుపన్యాసములు గావు. వారు నిజముగ లేచిపోగలిగిరన్న సంగతి. అద్దెదారు లేచిపోగలడని తెలిసిన యింటివాడు మర్యాదగా మాటలాడును, ధర తగ్గించును, మరమ్మతు చేయించును. లేచిపోలేడని తెలిసినవాడు పరుల యుత్తరువు వచ్చిన దినమున తలుపునకు తాళము వేయును. వాడినారున వేసినది అట్టి తాళమే.

ఇది యింజనీర్లకు మాత్రమే చెందిన విషయమని మన గ్రంథాలయములయందలి పెద్దలు పత్రిక మడిచిపెట్టరాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఇట్టి పనికే గలదు. ప్రతి పట్టణమునందును నలుగురు పూనుకొని తమ జిల్లా ఆసుపత్రిని, ఖజానాను, పింఛను శాఖను మూడు ప్రశ్న లడుగవచ్చును. మీ ప్రోగ్రామును అద్దెయంత్రశాలనుండి వేరొకచోటికి తరలించి నడిపిచూచిన కడపటి తేదీ యేది? సమాచారపు తాళపుచెవి ఎవరి స్వాధీనమున నున్నది? ఆ ప్రోగ్రాములోని సర్వీసులలో ఇతర యంత్రశాలలయందు నిలుపుటకు వీలులేనివి యెన్ని? వీనిలో దేశరహస్యమును లేదు, వ్యాపారరహస్యమును లేదు. ఒక తేదీ, ఒక పదవి పేరు, ఒక అంకె మాత్రమే. కేంద్రప్రభుత్వ కచేరీలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. జవాబు చెప్పుటకు వారికి గడువు 30 దినములు. వచ్చిన జవాబులను మాకు పంపినచో, ఖాళీగా వచ్చిన వానిని గూడ, ఈ పుటయందే ప్రకటింతుము.